గొర్ల తొట్టిలో సముద్రం

మా తాండూరు నుంచి ఏ దిక్కుకు బయల్దేరినా, సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాలి. అలాంటి ఊరి పక్కన పుట్టి, సముద్రాన్ని ఒక్కసారి కూడా కంటితో చూడకుండా, ఒక కెమెరాను ఉప్పునీళ్ళలో ముంచినవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ ఘనతలో నాకు పోటీ వచ్చేవాడు ఇంతవరకు దొరకలేదు. ఏడో తరగతిలో నేను బడికి దండం పెట్టిన రోజు మా సారు, వీడు ఎందులోనూ మొదటివాడు కాలేడు అన్నాడట. ఎక్కడున్నాడో తెలిస్తే పిలిచి చూపించేవాణ్ణి.

పోయిన ఆదివారం వికారాబాదులో మా బావ ఫోటో స్టూడియోలో కూర్చున్నాను. బావంటే మా అక్క భర్త. గిరాకీ లేని మధ్యాహ్నం. ఊరికే కూర్చోలేక అద్దాల బీరువా తెరిచాను. అందులో పై అరలో ఆ కెమెరా ఉంది, నేను ముంచిందే. ఇప్పుడది పనిచెయ్యదు. పెద్ద చదువు చదివి ఉద్యోగం లేకుండా ఉన్న కొడుకును చూసుకున్నట్టు ఇంట్లో అందరూ దాన్ని మర్యాదగానే చూస్తారు. చేతిలోకి తీసుకుంటే, బెల్టు తగిలించే ఇనుప రింగు చుట్టూ సన్నటి తెల్లపొడి కనిపించింది. వేలితో తుడిచాను. తుడిచిన వేలిని ఏం చెయ్యాలో తోచక నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది. ఏడాది దాటింది, ఎన్ని నీళ్ళతో కడిగామో లెక్కలేదు, ఇంకా ఉప్పగానే ఉంది. తల తిప్పి చూస్తే బావ కుర్చీలోంచి నన్నే చూస్తున్నాడు. అప్పుడు నేనొక మాటన్నాను, ఆయనొక మాటన్నాడు. ఆ మాట మీకు అందాలంటే ముందు ఆయన సంగతి చెప్పాలి.

మా బావ పని జనాన్ని నవ్వొద్దనడం. పాస్‌పోర్ట్ ఫోటోకు వచ్చినవాళ్ళతో "గడ్డం కిందికి, కండ్లు నా దిక్కు, నవ్వకుండ్రి" అని చెప్పీ చెప్పీ ఆయన మొహమే పాస్‌పోర్ట్ ఫోటో అయిపోయింది. నా పని బండలకు పాలిష్ పెట్టడం. మిషన్ చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు గనుక, మిషన్ ఆగిన కాస్తసేపట్లోనే అందరినీ నవ్వించెయ్యాలి. అలా అలవాటైంది. ఆయన అక్కను చూసుకోవడానికి మా ఇంటికొచ్చిన రోజున నేను వీధి గడప మీద కూర్చుని, "బావా, ఫోటోగ్రాఫర్లకు మనుషులు తలకిందులు కనవడ్తరంట గద, మా అక్కను ఎట్ల చూస్తవ్?" అని అడిగాను. లోపల ఆడవాళ్ళంతా నవ్వారు. ఆయన మాత్రం కాసేపు ఆలోచించి, "గది పాతకాలం పెద్ద కెమెరాలల్ల. నా దాంట్ల సక్కగనే కనవడ్తది" అన్నాడు. నాకు సమాధానం చెప్పాడన్న మాట, నెమ్మదిగా, గౌరవంగా. ఇన్నేళ్ళ బావామరదుల సావాసంలో ఆయన నాతో ఒక్క నవ్వులాట ఆడలేదు. నేను వెయ్యి ఆడుంటాను. స్టూడియో బోర్డు మీద కోతి పిల్లల్ని పెట్టిందని తాండూరు నుంచి ఫోన్ చేసి ఆయనను ఎండలో నిచ్చెన ఎక్కించినవాణ్ణి నేను.

ఆయనకు కొన్నేళ్ళ కింద పక్షవాతం వచ్చింది. కాలు బాగయింది, మాట కొంచెం ముద్దయినా నిలబడింది. కుడిచెయ్యి కూడా తిరిగొచ్చింది గానీ, వస్తూ వస్తూ వణుకును వెంటబెట్టుకొచ్చింది. వణికే చేత్తో ఫోటోలు తీసి జనం మొహాలు పాడుచెయ్యనని, తన కెమెరా తీసి కూతురి మెడలో వేశాడు. మెడలో వెయ్యడమంటే మాటవరసకు కాదు. ఆ స్టూడియోలో ఒక పద్ధతి ఉంది. బెల్టు మెడలో పడ్డాకే కెమెరా చేతికి రావాలి. కెమెరా సంచిలో కూర్చున్నాకే బెల్టు మెడలోంచి పోవాలి. ఎంత తొందరున్నా, మంత్రి ఎదురుగా నిలబడ్డా, ఇదే వరస. ఆయన పడక మీద ఉన్నప్పుడు కూడా ముందు బెల్టు, తర్వాతే కెమెరా ఇచ్చాడని మా అక్క చెప్పింది.

కూతురంటే నా మేనకోడలు. నెమ్మదిలో తండ్రి పోలిక, నాలుకలో కొంచెం నా పోలిక. ఆమె దుకాణం తెరిస్తే వచ్చినవాళ్ళు గుమ్మంలోంచే "సారు లేడా?" అని అడిగి వెళ్ళిపోయేవాళ్ళు. పెళ్ళి పనులు ఎవరూ ఇవ్వలేదు. అలాంటప్పుడు తాండూరులో బట్టల దుకాణం నడిపే ఒక ముసలమ్మ, బావకు పాత గిరాకీ, అందరూ దాదీమా అని పిలిచే ఆమె, మనవరాలి పెళ్ళికని స్టూడియోకు వచ్చింది. "జనానేమే మర్దాఁ నక్కో. తుమారీ బేటీకో భేజో" అంది. ఆడవాళ్ళు కూర్చునేచోటికి మగ ఫోటోగ్రాఫర్ వద్దు, నీ బిడ్డను పంపమని. ఆమె వెళ్ళాక బావ కూతురిని కూర్చోబెట్టి చెప్పాడట: "గీ పెండ్లి మంచిగ తీస్తే దుకాణం నీది. లేకుంటే షట్టరు దించుదం బిడ్డా, నాతోని ఇంక కాదు." ఆ మాట నాకు మా అక్క చెప్పింది. అంటే నాకు తెలుసు. తెలిసి ఉండీ ఆ పని చేశానన్నది ఇప్పటికీ నన్ను తినేస్తున్న ముక్క.

పెళ్ళి పదిరోజులుందనగా మా మేనకోడలు పిల్ల తాండూరు పక్కనున్న మా ఊరికి వచ్చింది. మాది గొర్లవాళ్ళ ఇల్లు. నేను బండల్లోకి పోయినా మా అన్న మందను వదల్లేదు. ఆ రోజు గొర్లకు బొచ్చు కత్తిరిస్తున్నారు. పెళ్ళిలో ఆడవాళ్ళు చెప్పినచోట నిలబడరు, మందలో గొర్లూ అంతే, ముందు గొర్లను తీసి చెయ్యి సాపు చేసుకొమ్మని బావ పంపాడు. ఇది కూడా ఆయన నవ్వులాటగా అన్న మాట కాదు. పొద్దుటినుంచి పిల్ల మోకాళ్ళ మీద పాకుతూ ఫోటోలు తీసింది. మధ్యాహ్నం నా భార్యను వెంటబెట్టుకుని, పెళ్ళి జరిగే హాలులో వెలుతురు ఎటునుంచి వస్తుందో చూసొస్తానని తాండూరు బయల్దేరింది. పోతూ పోతూ సంచి నా ముందు పెట్టింది.

"మామా, కెమెరా ఈడ పెడ్తున్న. ముట్టకు. ముట్టకుండ ఉండవని ఎరికే, ముడితే బెల్టు మెడల ఏస్కో."

"నేనేమన్న పొట్టేలునా బిడ్డా, మెడకు తాడేస్కోనీకి?"

నవ్వింది. ఆ నవ్వునే నేను అనుమతి అనుకున్నాను. నవ్విన ప్రతివాళ్ళూ నాకు ఏదో ఒకటి అనుమతిచ్చారని అనుకోవడం నా జన్మలక్షణం.

మా అన్న వారానికోసారి గొర్లకు ఉప్పు కలిపిన నీళ్ళు పెడతాడు. ఆకలి పుడుతుంది, మేత వంటబడుతుంది అంటాడు. నాలుగు తాండూరు బండలు నిలబెట్టి కట్టిన తొట్టి ఉంది మా దొడ్లో; నేనే కట్టాను. ఆ తొట్టినిండా నీళ్ళుపోసి, దొడ్డుప్పు కుమ్మరించి, కట్టెతో కలిపి అన్న ఒక పొట్టేలును పట్టుకుని నిలబడ్డాడు. కొత్తగా బొచ్చు కత్తిరించిన పొట్టేలు, మంగలి దుకాణంలోంచి అప్పుడే బయటికొచ్చినట్టుంది. నాకు చెయ్యి ఊరుకోలేదు. కెమెరా తీశాను. బెల్టు వేళ్ళాడుతూ ఉంది.

"అన్నా, దాని భుజం మీద చెయ్యెయ్. పెండ్లిపిల్ల అనుకో. జర సిగ్గుపడు."

"నీకు లేని సిగ్గు నాకెందుకురా? పని చేస్కోనియ్యి."

అన్న తిడుతూనే చెయ్యేశాడు. కెమెరా అద్దంలోంచి చూస్తే ఇద్దరూ పూర్తిగా పడటం లేదు. ఒక అడుగు వెనక్కి వేశాను. ఇంకో అడుగు. ఫోటోగ్రాఫర్లు వెనక్కి నడుస్తారని చూశాను గానీ, నడిచే ముందు వెనక ఏముందో చూసుకుంటారని చూడలేదు. నా వెనక తొట్టి ఉంది. నా ముందు, అన్నకు అవతల, దొడ్డి తడిక ఉంది. సరిగ్గా అప్పుడే మా వదిన అటువైపునుంచి తడిక తీసింది. ఉప్పునీళ్ళ రోజున గొర్లను మీరు చూడలేదేమో. మామూలు రోజుల్లో కట్టెతో అదిలిస్తేనే కదిలే జీవాలు, ఆ రోజు మొదటి ఆట సినిమాకు గేటు తీసినట్టు వస్తాయి. మంద మొత్తం నా మోకాళ్ళ మీదుగా వచ్చింది. నేను తొట్టిలో కూర్చున్నాను. కెమెరా నాకంటే ముందే కూర్చుంది. నా రెండు భుజాల మీదుగా తలలుపెట్టి గొర్లు తాగుతూనే ఉన్నాయి. అన్న పరుగెత్తుకొచ్చి మొదటన్న మాట, "ఉప్పునీళ్ళు ఖరాబు చేస్తివి గదరా!"

కెమెరా బయటికి తీసి వంచితే పాలచెంబులోంచి కారినట్టు నీళ్ళు కారాయి. బావకు ఫోన్ చేశాను.

"బావా, కెమెరా గొర్ల తొట్టిల పడ్డది. ఉప్పునీళ్ళల్ల."

"నీకేం పనిలేదా?" అని పెట్టేశాడు. కోతి, బోర్డు, నిచ్చెన గుర్తొచ్చి ఉంటాయి. మళ్ళీ చేశాను. ఈసారి నా గొంతులో ఏం వినిపించిందో, పెట్టెయ్యలేదు. ఆ ముద్దమాటతో నిదానంగా అన్నాడు: "బ్యాటరీ తియ్. బకెట్ల మంచినీళ్ళు పొయ్. కెమెరా మునిగేటట్టు ఏసి పెట్టు."

చెప్పేది వినండి. నీళ్ళలో పడి చచ్చిపోతున్న వస్తువును మళ్ళీ నీళ్ళలో ముంచమంటున్నాడు. నేను జీవితంలో విన్న ప్రతి మాటనూ నా కొలతతోనే కొలిచినవాణ్ణి. నేనే ఆయన చోటులో ఉంటే సరిగ్గా ఇలాగే దెప్పుతాను. కోపంతో ఎత్తిపొడుస్తున్నాడు, ఇన్నేళ్ళకు బదులు తీర్చుకుంటున్నాడు అనుకున్నాను. ఎత్తిపొడుపుకు బదులివ్వకపోతే నాకు అన్నం అరగదు. "సబ్బు గూడ పెట్టి రుద్దుమంటవా బావా?" అన్నాను. ఫోన్ కట్టయింది.

బ్యాటరీ మాత్రం తీశాను, అంత తెలివి ఉండింది. ఆ తర్వాత నాకు తోచిన వైద్యం చేశాను. లుంగీతో తుడిచాను. పాలిష్ పెట్టిన నల్లబండ ఒకటి దొడ్లో ఎండకు కాలుతూ ఉంటే దాని మీద ఆరబెట్టి, అటు తిప్పీ ఇటు తిప్పీ రొట్టె కాల్చినట్టు కాల్చాను. తడిసిన ఫోన్లను బియ్యంలో పాతిపెడతారని విన్నాను. మా ఇంట్లో అప్పుడు బియ్యం డబ్బా అడుగంటింది. తాండూరు ఇంట్లో ఏది లేకపోయినా కంది ఉంటుంది గదా. అప్పుడే కొట్టించి తెచ్చిన కందిపప్పు బస్తాలో మోచెయ్యి లోతున కెమెరాను పాతిపెట్టి, పైన సాపుచేసి, పని చేసినవాడి మొహంతో బయట కూర్చున్నాను.

ఎండ వాలుతుండగా కోడలు పిల్ల వచ్చింది. హాలులో వెలుతురు బాగుందని, ఆడవాళ్ళ వైపు పెద్ద కిటికీలున్నాయని చెప్పుకుంటూ వచ్చింది. ఖాళీ సంచి చూసింది. నేను చెప్పాను. ఎంత చెప్పినా నమ్మకుండా నవ్వుతూనే ఉంది, "ఊకో మామా" అంటూ. నేను బస్తాలోంచి తీసి చూపించాను. పచ్చటి పప్పుపొడి పూసుకుని, కటకం నిండా పప్పునూకతో, పెళ్ళికూతురికి నలుగు పెట్టినట్టుంది. అప్పుడు నవ్వు ఆగింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కింద కూర్చుంది.

"బాపుకు చెప్పినవా?"

"చెప్పిన. మీ బాపు నన్ను ఎత్తిపొడిసిండు. మంచినీళ్ళల్ల ముంచి పెట్టుమన్నడు."

పిల్ల నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు. "బాపు ఎప్పుడన్న నవ్వులాట ఆడిండా మామా?"

జవాబు ఒక్కటే, లేదు. ఒక్కసారి కూడా లేదు. పెళ్ళిచూపుల్లోనే లేదు. ఆయన నిజమే చెప్పాడు. ఉప్పునీళ్ళు ఆరితే ఉప్పు లోపలే కూర్చుని ఇనుమునూ రాగినీ కొరుక్కుతింటుందని, ఆరకముందే మంచినీళ్ళలో ముంచితే ఉప్పు కరిగి బయటికొస్తుందని ఆయనకు తెలుసు. నాకు తెలియకపోవడం పెద్ద తప్పు కాదు. తెలిసినవాడు చెబితే వినలేదే, అదీ. నేను దాన్ని శ్రద్ధగా, ఒళ్ళు వంచి, గంటల తరబడి ఎండబెట్టాను.

పిల్ల మా బోరు నీళ్ళు ముట్టనివ్వలేదు. మా నీళ్ళలో ఉన్న సున్నం ఇంకో తొట్టి కట్టడానికి సరిపోతుంది. తాగడానికి తెచ్చుకునే ఫిల్టరు నీళ్ళు పాలక్యానులో పోసి, కటకం విడదీసి, కెమెరాను అందులో నిలబెట్టింది. మర్నాడు పొద్దున తాండూరు స్టేషన్లో రైలెక్కాం. పాలక్యాను నా ఒళ్ళో. ఎదురుగా కూర్చున్న ఒక పెద్దాయన మూత వైపు చూసి, "కొర్రమీనా?" అన్నాడు. మామూలుగానైతే వికారాబాదు వచ్చేదాకా ఆయనకు ఆ చేప కథ చెప్పి, అమ్మి కూడా ఉండేవాణ్ణి. ఆ రోజు "కాదు సారూ, కెమెరా" అన్నాను. నిజం చెప్పాను. రైలు డబ్బాలో అందరూ నవ్వారు. నా జీవితంలో నేను నవ్వించాలనుకోకుండా జనం నవ్వడం అదే మొదలు. కిటికీ పక్కన కోడలు పిల్ల మాత్రం బయటికే చూస్తూ కూర్చుంది.

బావ తిట్టలేదు. అక్క తిట్టింది, దండిగా, మా వంశంలో నాకు ముందున్నవాళ్ళను కూడా కలిపి. అది తేలికే, వినీ వినీ చెవులు గట్టిపడ్డాయి. బావ మాత్రం క్యాను మూత తీసి చూసి, "ఎప్పుడు ఏసిండ్రు నీళ్ళల్ల?" అన్నాడు. "పొద్దూకినంక" అంది పిల్ల. ఆయన తల ఊపాడు. ఊపి, బ్యాటరీ దుకాణం నుంచి బ్యాటరీల్లో పోసే, ఉప్పూ సున్నమూ లేని నీళ్ళు, మెడికల్ షాపునుంచి స్పిరిట్, దూది తెమ్మన్నాడు. హైదరాబాద్ పంపిస్తే బాగుచేసి ఇవ్వడానికి నెల పడుతుందన్నారట. పెళ్ళిళ్ళ రోజులు, కిరాయికి అడిగినచోటల్లా కెమెరాలన్నీ ముందే పోయాయన్నారు. ఇక స్టూడియోలోని బల్లే ఆసుపత్రి.

బల్ల ముందు బావ కూర్చుని స్క్రూడ్రైవర్ పట్టుకున్నాడు. దాని మొన కెమెరా మీద వానచినుకుల్లా టకటకలాడింది, స్క్రూ నెత్తిన మాత్రం నిలబడలేదు. కొంచెంసేపు చూసి, ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకుని చూశాడు. తర్వాత స్క్రూడ్రైవర్ నా ముందు పెట్టాడు. "నీ చెయ్యి కదలదు గద" అన్నాడు. బండ అంచు చెక్కేవాడి చెయ్యి కదిలితే బండ పోతుంది, వేలు పోతుంది. కదలదు. కదిలేది నోరొక్కటే. ఆయనకు ఆ సంగతి తెలుసు కాబట్టి ఇంకో మాట కూడా అన్నాడు: "ఆఖరి స్క్రూ తిరిగి ఎక్కేదాంక నోరు తెరవకు. నువ్వు నవ్వితే చెయ్యి గూడ నవ్వుతది."

కోడలు పిల్ల ఒక అట్ట మీద కెమెరా బొమ్మ గీసి, జిగురుటేపు అంటించి, నేను తీసిన స్క్రూను తీసినచోటే అంటించింది. ఆవగింజల్లాంటి స్క్రూలు, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. బావ వెనక నిలబడి నా భుజం మీదుగా చెబుతున్నాడు. ముందు కింద. ఇప్పుడు పక్కన. లాగకు, బతిలాడు, అదే వస్తది. లోపల బంగారురంగు తీగలుండే చోట్ల ఆకుపచ్చ చిలుము. మంచినీళ్ళు చేరని మూలల్లో తెల్లగా గడ్డకట్టిన ఉప్పు. స్పిరిట్లో దూది ముంచి ఒక్కో మూల తుడుస్తుంటే, నా వీపు మీద ఆయన ఊపిరి తగులుతోంది. ఆ కెమెరా పక్కన ఆయన బొటనవేలు ఆనేచోట నలుపు అరిగి బూడిదరంగు తేలింది. ఎన్ని పెళ్ళిళ్ళకు అంత అరుగుతుందో. నేను ఆయన చూపుడువేలి మీద ఎన్ని నవ్వులాటలు ఆడాను. బావా, నీ వేలు నొక్కుడు నేర్చింది గానీ నోరు నేర్వలే అనేవాణ్ణి. "బావా, తప్పయింది" అన్నాను. "మాట్లాడకు, చెయ్యి కదుల్తది" అన్నాడు.

ఒక బటన్ కింద ఏదో ఇరుక్కుని ఉంది. బావ ఎడమచేతి పట్టకారుతో దాన్ని తీసి వెలుతురుకు పట్టాడు. కందిపొట్టు.

"ఉప్పేసినవ్, పప్పేసినవ్" అంది కోడలు పిల్ల నెమ్మదిగా. "చింతపండు ఒక్కటి మర్చినవ్ మామా."

మా అక్క ఫక్కున నవ్వింది. నేను నవ్వలేదు, నవ్వొద్దన్నారు గదా. కానీ ఆ మాటతో పిల్ల నన్ను మళ్ళీ మామా అని పిలిచింది. పొద్దుటినుంచి పిలవలేదు.

బ్యాటరీ నీళ్ళతో ఇంకోసారి కడిగి, వానాకాలంలో కటకాలకు బూజుపట్టకుండా బావ వాడే చెక్కపెట్టెలో, చిన్న బల్బు వెలిగించి, ముక్కలన్నీ అందులో పెట్టాం. నేను రోజూ పొద్దున తాండూరు నుంచి వచ్చి ఆ పెట్టె ముందు కూర్చునేవాణ్ణి. కోడి పొదిగినట్టే. పనికి ఎందుకు రావడం లేదని మా మేస్త్రి ఫోన్ చేస్తే, ఇంట్లో ఒకరికి బాగలేదని చెప్పాను. అది కూడా నవ్వులాట కాదు. ఆరిందని బావ అన్న రోజున మళ్ళీ బిగించాను. ఆఖరి స్క్రూ ఎక్కింది. కొత్త బ్యాటరీ వేశాం. ఏమీ లేదు. పిల్ల తీసి మళ్ళీ వేసింది. ఏమీ లేదు. అక్క దేవుడి పటం వైపు చూసింది. బావ కెమెరాను తీసుకున్నాడు. ముందు బెల్టు మెడలో వేసుకుని, తర్వాతే తీసుకున్నాడు. బ్యాటరీ మూతను వణికే బొటనవేలితో గట్టిగా అదిమిపట్టి, బటన్ నొక్కాడు. టక్ అంది. ఆ చప్పుడు విని మా అక్క ఏడ్చింది.

వెనక తెర మాత్రం వెలగలేదు. నల్లబండలాగే ఉండిపోయింది. తీయొచ్చు, తీసింది చూసుకోలేం. కటకం పప్పుపాలయింది గనుక బావ తన పాత కటకం బీరువాలోంచి తీసిచ్చాడు. పిల్ల కళ్ళనీళ్ళు తిప్పుకుంది. "చూస్కోకుండ ఎట్ల తీస్తరు బాపూ? పొరపాటైతే?" ఆయన అప్పుడు నాకు తెలిసిన ఇన్నేళ్ళలో అన్నింటికంటే పొడుగైన మాట మాట్లాడాడు: "మేమంత గట్లనే తీసినం బిడ్డా. రీలు కడిగినంకనే తెలిసేది. ముందుగాల వెల్తురు చూడు, మనిషిని చూడు, ఊపిరి బిగబట్టు, నొక్కు. నొక్కినంక ఫికర్ చెయ్యకు, ఇంకోటి చూడు." పెళ్ళిదాకా మిగిలిన రోజులన్నీ స్టూడియోలో ఆయన చెప్పడం, ఆమె నొక్కడం. ఎదురుగా బొమ్మగా కూర్చున్నవాణ్ణి నేను. "నవ్వకు మామా" అనేది. నాకు నవ్వు వచ్చేలానే లేదు.

పెళ్ళిరోజున బావ కూడా వచ్చాడు. జబ్బు పడ్డాక ఆయన ఒక పెళ్ళికి రావడం అదే మొదలు. మగవాళ్ళ వైపు కుర్చీలో, ఆడవాళ్ళ హాలు తలుపుకు కనిపించేలా కూర్చున్నాడు. దీపాల స్టాండ్లు తలుపుదాకా మోసి అక్కడ ఆగిపోయాను నేను. లోపలినుంచి నవ్వులు, గాజుల చప్పుడు, మధ్యమధ్య ఆ టక్, టక్. ప్రతి చప్పుడుకూ బావ పెదవులు కదిలాయి, తనే నొక్కుతున్నట్టు. ఒకసారి చాలాసేపు చప్పుడు ఆగిపోయింది. నేను తలుపు ముందు అటూ ఇటూ తిరిగాను. దాదీమా తలుపు దగ్గరికొచ్చి నన్ను చూసి, "క్యా జీ, పరేషాన్ హై?" అంది, ఏమయ్యా కంగారా అని. అప్పుడే మళ్ళీ టక్ వినిపించింది.

సాయంత్రం స్టూడియోలో కెమెరాలోంచి కార్డు తీసి కంప్యూటర్లో పెట్టారు. మొదటి రెండు మూడు చీకటిగా వచ్చాయి. పిల్ల కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత వచ్చాయి. పెద్ద కిటికీ వెలుతురులో పెళ్ళికూతురు, ఆమె చెవిలో ఏదో చెబుతున్న దాదీమా, ఇద్దరి మొహాలూ ఒకే నవ్వుతో. కెమెరా తెర చూసుకుంటూ తీసే పిల్ల అయితే ఆ క్షణాన తల వంచుకుని ఉండేదేమో. ఈమె తలెత్తే ఉంది. బావ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఒక్కో ఫోటో దగ్గర "ఊఁ" అన్నాడు. అన్నీ అయ్యాక కార్డులో పాతవి కూడా వచ్చాయి. గొర్లు, మా అన్న, పొట్టేలు భుజం మీద చెయ్యి. ఆఖరిది, ఆకాశం, మూలన ఒక గొర్రె ముక్కు, మధ్యలో చెప్పు జారిన నా కాలు. బావ మౌస్ పట్టుకున్న పిల్లతో, "గది తీసెయ్యకు" అన్నాడు.

దుకాణం షట్టరు దించలేదు. ఇప్పుడు జనం గుమ్మంలోంచి "మేడమ్ ఉందా?" అని అడుగుతున్నారు. ఆ కెమెరా ఆ తర్వాత కొన్ని నెలలు పనిచేసి, ఒక నామకరణంలో మూగబోయింది. ఎంత కడిగినా ఎక్కడో మిగిలిందట. పిల్ల ఇంకోటి కొనుక్కుంది. కథ బాగానే ముగిసిందని మీరంటారు. నేనూ అనుకోవాలని చూశాను. కానీ ఆ రోజు ఆయన మాట విని ఉంటే అది ఇంకా పదేళ్ళు బతికేది. ఆయన బొటనవేలికి బూడిదరంగు తేలినచోట కూతురి బొటనవేలు ఇంకా ఆనేది. ప్రతి ఆదివారం వికారాబాదు వెళ్ళి స్టూడియోలో కూర్చుంటున్నాను. స్టాండ్లు తుడుస్తాను, గిరాకీకి మంచినీళ్ళిస్తాను, నోరు మూసుకుంటాను. మా మేస్త్రి నాకు గొంతు జబ్బేమోనని అనుమానపడ్డాడు.

పోయిన ఆదివారం వేలు మీది ఉప్పు నాలుకకు తగిలినప్పుడు, ఏడాది ఎంత కడిగినా వదలనిది ఇంత చిన్న రింగులో దాక్కుని ఉండగలదా అనిపించింది. "బావా, నేను నవ్వులాటకు అంటలేను. తప్పయింది, మాఫ్ చెయ్" అన్నాను. బావ నన్ను కిందినుంచి మీదిదాకా చూశాడు, పాస్‌పోర్ట్ ఫోటోకు కూర్చోబెట్టినట్టు. ఆ మొహంలో ఒక్క గీత కదల్లేదు. తన జీవితంలో మొదటిసారి నాతో నవ్వులాట ఆడుతున్నాడని నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"ఉన్న ఉప్పంత కెమెరాల్నే పోసినవా ఏందిర బామ్మర్ది? ఏడాది సంది మా ఇంట్ల కూసుంటున్నవ్, ఒక్క మాటల జరంత ఉప్పు లేకపాయె."